పాఠకుల ప్రశ్నలు: ఫిజీ డాలరు, తిమింగలం పన్ను

పోయిన నెల ఈ శీర్షికలో విదేశీ నాణేల గురించి రాస్తూ, బ్యాంకు ఉద్యోగరీత్యా కొన్నేళ్లు పసిఫిక్ సముద్రంలోని ఫిజీ దీవుల్లో ఉన్నానని ఒక్క మాట అన్నాను. ఆ ఒక్క మాటకే బోలెడు ఉత్తరాలు వచ్చాయి. లౌతోకా ఊళ్లో కౌంటరు వెనక కూర్చుని చూసిన సంగతులు, అక్కడివాళ్ల ఇళ్లలో చాప మీద కూర్చుని తెలుసుకున్న సంగతులు కలిపి ఈ నెల శీర్షికంతా ఫిజీకే ఇస్తున్నాను. ఒకే ప్రశ్న అడిగినవాళ్లకి ఒకచోటే జవాబు చెప్పాను.

తెనాలి నుంచి ఒక పాఠకుడు: మా అబ్బాయి స్నేహితుడు ఇచ్చిన ఫిజీ 20 సెంట్ల నాణెం నా దగ్గరుంది. ఒకవైపు ఎలిజబెత్ రాణి. రెండోవైపు తాడు కట్టిన కొమ్ములాంటిది ఉంది. అది ఆయుధమా, ఊదే వాయిద్యమా?

రెండూ కాదండి. అది తిమింగలం పన్ను. ఫిజీవాళ్లు తంబూవా అంటారు. 1969 జనవరిలో ఫిజీ పౌండు పోయి డాలరు వచ్చింది. ఒక పౌండుకి రెండు డాలర్లు లెక్క. ఆ కొత్త నాణేల మీద రాణి బొమ్మ ఎలాగూ తప్పదు కాబట్టి, రెండోవైపు మాత్రం తమ ఇళ్లలో, తమ సభల్లో ఉండే వస్తువులు వేసుకున్నారు. 1 సెంటు మీద యంగోనా కలిపే కాళ్ల గిన్నె, 2 సెంట్ల మీద విసనకర్ర, 5 మీద లాలి అనే చెక్క డోలు, 10 మీద విసిరే గద, 20 మీద తంబూవా. 2013లో చెలామణీకి వచ్చిన కొత్త వరసలో రాణి పోయింది, ఈ వస్తువులూ పోయాయి. పక్షులు, చేపలు వచ్చాయి. చూడ్డానికి అవి ముచ్చటగానే ఉంటాయి. నాకైతే పాత వరసే ఇష్టం. చిల్లర లెక్కపెడుతుంటే ఒక జాతి ఇంటి సామానంతా చేతిలోంచి వెళ్లేది.

అసలు తంబూవా ఎలా ఉంటుందో చెప్పకపోతే ఆ నాణెం మీకు సగమే అర్థమవుతుంది. అది పెద్ద తల ఉండే స్పెర్మ్ వేల్ జాతి తిమింగలం పన్ను. అరచేతిలో పెడితే వేలి కొసలు దాటి వస్తుంది, బరువుగా దిగుతుంది. కొత్తది తెల్లగా, పాలిపోయి ఉంటుంది. కొబ్బరినూనె రాసి, పసుపు పట్టించి, పొగ చూపించి, చేతులు మారి మారి పాతదయ్యేసరికి తేనె రంగుకి, ఆ తర్వాత ముదురు ఎరుపు గోధుమ రంగుకి తిరుగుతుంది. రెండు చివర్లా చిల్లులు వేసి కొబ్బరి పీచుతో అల్లిన తాడు కడతారు. ఆ తాడుని మంగిమంగి అంటారు. మీ నాణెం మీద మెలికలు తిరిగి కనిపించేది అదే. పాత తంబూవా మీద చెయ్యి వేస్తే ఎక్కడా గరుకు తగలదు.

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు: అయితే అది వాళ్ల పాతకాలపు డబ్బన్నమాట. ఒక తంబూవా ఇప్పటి డాలర్లలో ఎంత చేస్తుంది మేడమ్?

చాలా ఉత్తరాల్లో ఇదే ప్రశ్న ఉంది. ఇదొక్కటీ తీరిగ్గా చెప్పుకోవాలి.

లౌతోకాలోనూ రాజధాని సువాలోనూ తాకట్టు కొట్లలో అద్దం వెనక తంబూవాలు వేలాడుతుంటాయి. డాలర్లిచ్చి తెచ్చుకోవచ్చు. పెద్దదానికి ఎక్కువ, చిన్నదానికి తక్కువ; పాతబడి రంగు తిరిగినదానికి ఇంకా గిరాకీ. కాబట్టి ధర లేదని నేననను. కానీ తంబూవా తీసుకెళ్లి బియ్యం కొనలేరు, బస్సెక్కలేరు, మా కౌంటర్లో ఖాతాలో వేయలేరు. పూర్వం కూడా దాంతో సరుకులు కొన్నది తక్కువ. డాలర్లతో తంబూవా వస్తుంది గానీ, తంబూవా చేసే పని డాలర్లు చేయలేవు. అందుకే దాన్ని పాతకాలపు డబ్బంటే నేను ఒప్పుకోను.

ఏం చేస్తుంది మరి? పిల్లనడగడానికి వెళ్లేటప్పుడు తంబూవా కావాలి. చావు ఇంటికి వెళ్లేటప్పుడు కావాలి. పెద్ద తప్పు చేసి మన్నించమని అడగాలంటే అది లేకుండా గడప తొక్కకూడదు. ఒక ఊరు ఇంకో ఊరి సాయం కోరినా, గొప్ప అతిథి దీవికి వచ్చినా అదే. 1953లో ఎలిజబెత్ రాణి సువా రేవుకి వచ్చినప్పుడు తంబూవా అందించే స్వాగతం చెప్పారు.

నేను దగ్గరుండి చూసింది చావు ఇంట్లో. మా బ్రాంచిలో నా పక్క కౌంటరు అమ్మాయి వాళ్ల నాన్న పోయారు. పోయినవాళ్లని కడసారి చూడ్డానికి వెళ్లడాన్ని రెంగురెంగు అంటారు. బ్రాంచి అంతా కలిసి వెళ్లాం. చాపలు, యంగోనా వేళ్ల కట్ట, ఒక తంబూవా పట్టుకెళ్లాం. మా తరఫున ఎవరు మాట్లాడాలి అన్న ప్రశ్నే రాలేదు. మేనేజరు గారు వెనక వరసలో కూర్చున్నారు. మాట్లాడింది మా గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన. ఏ ఊరివాళ్లని ఏ గౌరవంతో పిలవాలో, ఎవరి తరువాత ఎవరి పేరెత్తాలో బ్రాంచిలో ఆయన ఒక్కడికే తెలుసు. ఆయన చాప మీద బాసిపట్టు వేసుకుని, తంబూవాని రెండు చేతులా పట్టుకుని, తాడు వేళ్ల మధ్య నుంచి జారనిచ్చి, తల వంచి, చిన్న గొంతుతో మొదలుపెట్టాడు. ఇది చాలా చిన్నది, మీ దుఃఖానికి సరితూగేది కాదు అంటూ సాగుతుంది ఆ మాట. ఎదుటి పక్షం నుంచి ఒక ముసలాయన మోకాళ్ల మీద ముందుకొచ్చి పన్నుని అందుకున్నాడు. అందుకుని, దాన్ని పట్టుకునే జవాబు చెప్పాడు. చివర అందరూ ఒక్కసారి బోలు చేతులతో చప్పట్లు కొట్టారు. మామూలు చప్పట్లు కాదు. అరచేతులు గుంటలు చేసి కొడితే వచ్చే లోతైన చప్పుడు. థొంబో అంటారు దాన్ని. అప్పటిదాకా ఏడుస్తున్న ఇల్లు ఆ చప్పుడుతో ఒక్క క్షణం నిలబడింది.

కొన్నాళ్లు పోయాక ఆ అమ్మాయినడిగాను, మనం ఇచ్చిన పన్ను ఇంట్లో దాచారా అని. "లేదు, మా అమ్మ పుట్టింటివాళ్లకి వెళ్లింది. వాళ్లింట్లో పెళ్లికి అది ఇంకో ఊరు వెళ్లి ఉంటుంది" అంది, మామూలుగా. తంబూవాని దాచుకున్న ఇల్లు గొప్పది కాదు. ఎన్ని తంబూవాలు తన గుమ్మం మీదుగా వచ్చి వెళ్తే ఆ ఇల్లు అంత గొప్పది. బ్యాంకులో అన్నేళ్లు నిల్వలు లెక్కపెట్టినదాన్ని, ఆ సంగతి నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది.

ఒక్క సంగతి. ఫిజీవాళ్లు తిమింగలాల్ని వేటాడినవాళ్లు కారు. ఒడ్డుకి కొట్టుకొచ్చినవాటి పళ్లు, టోంగా దీవుల మీదుగా వచ్చినవి మాత్రమే ఉండేవి. 19వ శతాబ్దం మొదట్లో బువా తీరానికి గంధపు చెక్క కోసం తెల్ల వర్తకులు ఎగబడ్డారు. అక్కడివాళ్లు దేనికి విలువిస్తారో కనిపెట్టి ఓడల్లో తిమింగలం పళ్లు తెచ్చి గంధం ఎత్తుకెళ్లారు. గంధపు చెట్లు కొన్నేళ్లలోనే ఊడ్చుకుపోయాయి. పళ్లు మాత్రం దీవుల్లోనే ఉండి ఇంకా చేతులు మారుతున్నాయి.

ఖమ్మం నుంచి ఒక పాఠకుడు: తంబూవా పుచ్చుకుని మాట నిలబెట్టుకోకపోతే ఏమవుతుంది?

పుచ్చుకోవడం అంటేనే ఒప్పుకోవడం. అందుకే ఇష్టం లేని పనైతే పెద్దలు పన్నుని ముట్టరు, మర్యాదగా తిప్పి పంపుతారు. ముట్టాక వెనక్కి పోవడం లేదు. దానికి ఎంత శక్తి ఉందో చెప్పే చీకటి కథ ఒకటి ఉంది. 1867లో థామస్ బేకర్ అనే మెథడిస్టు మిషనరీ వీతీ లేవు దీవి కొండల్లోకి వెళ్లాడు. ఆయన్ని చంపమని కోరుతూ ఒక తంబూవా ఆయనకంటే ముందే కొండలెక్కింది. నవతుసిలా అనేచోటి పెద్దాయన ఆ పన్నుని అందుకున్నాడు. బేకర్, ఆయన వెంట ఉన్న ఫిజీ క్రైస్తవులు చాలామంది హతమయ్యారు. ఆ పెద్దాయన జుట్టులోంచి బేకర్ దువ్వెన లాగడంతో గొడవ మొదలైందని జనం చెప్పుకుంటారు. అది వినడానికి బాగుంటుంది గానీ, అసలు కారణం ఆ పన్నే. బేకర్ బూటు అడుగు ముక్క సువాలోని ఫిజీ మ్యూజియంలో ఉంది.

ఇంకో కొస కూడా చెప్పాలి. 2003లో ఆ ఊరివాళ్లు ఆస్ట్రేలియా నుంచి బేకర్ వంశీకుల్ని పిలిపించి, అందరి ఎదుటా క్షమాపణ అడిగారు. అప్పుడు ఇచ్చినవీ తంబూవాలే. 136 ఏళ్ల తరవాత కూడా ఆ బాకీని డబ్బుతో తీర్చవచ్చని అక్కడ ఎవరికీ తోచలేదు.

నెల్లూరు నుంచి ఒక తల్లి: మా అబ్బాయి సువాలో సౌత్ పసిఫిక్ విశ్వవిద్యాలయానికి వెళ్తున్నాడు. స్నేహితులు పల్లెటూళ్లకి పిలుస్తారట. చేతిలో ఏం పెట్టుకుని వెళ్లాలమ్మా? స్వీట్లు సరిపోతాయా?

స్వీట్లు పిల్లలకి పట్టుకెళ్లమనండి, సంతోషిస్తారు. కానీ ముందు యంగోనా ఉండాలి. అది మిరియం, తమలపాకు కుటుంబంలోని మొక్క. దాని వేళ్లు ఎండబెట్టి, దంచి, నీళ్లలో కలిపి తాగుతారు. మత్తు కాదు, నాలుక మొద్దుబారి ఒళ్లు తేలికవుతుంది. ఊళ్లోకి వచ్చినవాడు ఎండు వేళ్ల కట్ట ఊరి పెద్ద ముందు పెట్టి అనుమతి అడగడాన్ని సెవుసెవు అంటారు. మార్కెట్లో వేళ్ల కట్ట అడిగితే కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి ఇస్తారు. పొడి తీసుకోకుండా వేళ్లే తీసుకోమనండి. కొన్ని ఊళ్లలో పొడిని సెవుసెవుగా లెక్కించరు. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను తోటల్ని నేలమట్టం చేశాక యంగోనా ధర బాగా పెరిగింది. మొక్క పక్వానికి రావడానికి మూడేళ్ల పైనే పడుతుంది కాబట్టి వెంటనే తగ్గలేదు. డబ్బు లేదని కట్ట మానేయవద్దు, చిన్నదైనా సరే.

ఊరి హద్దులోకి రాగానే టోపీ, నల్ల కళ్లద్దాలు తీసేయాలి. భుజాన సంచి వేలాడదీయకూడదు, చేత్తో పట్టుకోవాలి. ఎవరి తలా ముట్టకూడదు, చిన్నపిల్లలదైనా. కూర్చున్నవాళ్ల మధ్య నుంచి వెళ్లాల్సి వస్తే వంగి నడవాలి. ఈ ఒక్కటి మన పిల్లలకి ఎవరూ నేర్పనక్కర్లేదు. కొబ్బరి చిప్ప తన దగ్గరికి వచ్చినప్పుడు ఒకసారి థొంబో కొట్టి, "బులా" అని అందుకుని, ఆపకుండా తాగి, చిప్ప ఇచ్చేసి మూడుసార్లు కొట్టాలి. రుచి మట్టి నీళ్లలా ఉంటుంది. మొహం చిట్లించకుండా తాగితే చాలు, ఆ ఇంట్లో మీ అబ్బాయికి అన్నానికి లోటుండదు.

పాలకొల్లు నుంచి ఒక పాఠకురాలు: అక్కడ కూడా మేనమామ దగ్గర మేనల్లుడికి హక్కులుంటాయని ఎక్కడో విన్నాను. నిజమేనా?

నిజమే, అదీ మామూలు హక్కు కాదు. అక్క కొడుకుని, చెల్లెలి కొడుకుని వాసు అంటారు. తల్లి పుట్టింటి ఊళ్లో వాసు కోరిన వస్తువు కాదనడం మర్యాద కాదు. పంది కావాలంటే పంది, పడవ కావాలంటే పడవ. 19వ శతాబ్దంలో ఫిజీ దొరల ఇళ్లలో ఇది రాజకీయం అయిపోయింది. ఒక దొర కూతురు ఇంకో రాజ్యానికి కోడలైతే, ఆమె కొడుక్కి తల్లి వైపు రాజ్యమంతటి మీదా వాసు హక్కు. అందుకే పెళ్లి సంబంధాలు యుద్ధాలంత జాగ్రత్తగా చూసుకునేవారు. ఇప్పుడు ఎవరూ పడవలు లాక్కుపోవడం లేదు. కానీ మేనల్లుడు మొదటిసారి తల్లి ఊరు వెళ్లినా, మేనమామ చనిపోయినా, ఎవరు ఎవరికి చాపలు తేవాలి, ఎవరికి తంబూవా ఇవ్వాలి అన్నది ఈ వరసే నిర్ణయిస్తుంది.

ఇంకో మాట వింటే మీ ఇంట్లో అందరికీ చెప్పుకుంటారు. ఫిజీలో చాలాచోట్ల బావామరదళ్ల వరస పెళ్లికి తగిన వరస. చిన్నాన్న పిల్లలు, పిన్ని పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు కారు. ఈ రకం చుట్టరికాల అమరికకి మానవ శాస్త్రవేత్తలు ద్రావిడ పద్ధతి అనే పేరు పెట్టారు. మనకూ వాళ్లకూ రక్త సంబంధం ఉందని దీనర్థం కాదు. వేరువేరు చోట్ల మనుషులు ఒకే రకంగా ఇల్లు కట్టుకున్నారంతే. మగవాళ్లలో బావామరుదులు ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకోవడం మాత్రం చూసి తీరాలి. మా బ్రాంచిలో ఇద్దరు గుమాస్తాలు రోజంతా ఒకళ్ల మీద ఒకళ్లు పేలుతుంటే, విరోధులేమోనని కొత్తగా వచ్చిన ఆఫీసరు కంగారుపడ్డారు. వరస చెప్పగానే నాకు విషయం అర్థమైపోయింది. గోదావరి జిల్లా దాన్ని కదా.

హైదరాబాద్ నుంచి ఒక యువ వ్యాపారి: బంధువు అడిగితే కాదనకూడదనే ఆచారం ఉందట. అలాగైతే వాళ్లు పొదుపెలా చేస్తారు, వ్యాపారం ఎలా చేస్తారు?

దాని పేరు కెరెకెరె. బంధువు అవసరపడి అడిగితే ఉన్నవాడు ఇవ్వాలి. కాగితం లేదు, వడ్డీ లేదు, గడువు లేదు. ఇవాళ ఇచ్చినవాడు రేపు అడగవచ్చు. 1959లో ఆస్కార్ స్పేట్ అనే భూగోళ శాస్త్రవేత్త ప్రభుత్వానికిచ్చిన నివేదికలో, ఫిజీ రైతు ఊరి కట్టుబాట్ల నుంచి బయటపడి సొంత కాళ్ల మీద వ్యవసాయం చేసుకోవాలని వాదించాడు. బ్యాంకు మనిషిగా ఆయన వాదన నాకు తెలుసు. ఊళ్లో చిన్న దుకాణం పెట్టుకున్నవాళ్ల ఖాతాలు చూశాను; సరుకు బంధువుల ఇళ్లకి వెళ్లిపోయి, అప్పు వాయిదాలు ఆగిపోయినవి ఉన్నాయి. ఆ బాధ చిన్నది కాదు.

అయినా కెరెకెరె పోవాలని నేననుకోను. తుఫాను తరవాత బీమా మనిషి రావడానికి ఎన్నో రోజులు పట్టే దీవుల్లో, మరునాడే కప్పు వేయడానికి వచ్చేది ఎవరు? నెలకింత సొమ్ము బయటికి పోతున్న ఖాతాని చూసి నేను నష్టమని రాసుకోవచ్చు. ఆ మనిషి అలా అనుకోడు. తన పేరు మీద ఎన్ని ఇళ్లు తలుపు తీస్తాయో అతనికి లెక్క తెలుసు. పైగా తెలివైనవాళ్లు దారి చూసుకుంటారు. కొందరు దుకాణం సొంత ఊళ్లో కాకుండా పక్క ఊళ్లో పెడతారు. కొందరు జీతం రాగానే పిల్లల ఫీజు కట్టేసి వచ్చేవారు; ఖాతాలో లేనప్పుడు ఎవరైనా అడిగితే లేదన్నా తప్పులేదు. ఇప్పుడు ఎం-పైసా అని ఫోన్లో డబ్బు పంపే సేవ ఉంది, వోడాఫోన్ వాళ్లు 2010లో తెచ్చారు. దూరపు దీవిలోని మేనత్త కూడా ఫోను చేసి అడగవచ్చు. ఆచారం ఫోనులోకి కూడా వచ్చేసింది.

ఇలాంటిదే సోలి. చర్చికో బడికో డబ్బు కూడబెట్టే రోజున ఒక్కొక్క ఇంటి పేరూ, ఇచ్చిన మొత్తమూ అందరి ముందూ చదువుతారు. మన పెళ్లి చదివింపుల పుస్తకం తెలిసినవాళ్లకి ఇది వివరించనక్కర్లేదు.

చిత్తూరు నుంచి ఎనిమిదో తరగతి విద్యార్థి: 7 డాలర్ల నోటు ఉందని మా సార్ చెప్పారు. అబద్ధమా?

నిజం నాన్నా. 2016 రియో ఒలింపిక్స్‌లో ఫిజీ రగ్బీ సెవెన్స్ జట్టు బంగారు పతకం గెలిచింది. ఆ దేశానికి ఒలింపిక్స్‌లో అదే మొట్టమొదటి పతకం. జట్టుకి ఏడుగురు కాబట్టి 2017లో 7 డాలర్ల నోటు వేశారు. కెప్టెన్ ఒసెయా కొలినిసౌ దాని మీద ఉన్నాడు. అది చెల్లే నోటే, కానీ ఎవరూ ఖర్చు చేయరు, దాచుకుంటారు. మీ సార్‌కి నా నమస్కారం చెప్పు.

సిద్దిపేట నుంచి ఒక పాఠకుడు: మనిషంత రాతి చక్రాల డబ్బు ఫిజీలోదేనా?

కాదండి, అది మైక్రోనేషియాలోని యాప్ దీవి. ఫిజీకి చాలా దూరం.

ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు: డబ్బు రాకముందు మరి సరుకులు ఎలా మార్చుకునేవారు?

దీవికో పని. వాతులేలే దీవిలో మాసి అనే చెట్టు బెరడు గుడ్డ, కంబారా దీవిలో 'వేసి' అనే చెట్టు కర్రతో చెక్కిన యంగోనా గిన్నెలు, సింగాతోకా, రేవా నదుల దగ్గర కుండలు. సోలెవు అనే పెద్ద కలయికకి ఒక పక్షం చాపలు, గుడ్డలు గుట్టలుగా తెస్తే, ఇంకో పక్షం దుంపలు, పందులు పోసేది. బేరం ఆడరు. తక్కువ ఇచ్చిన పక్షానికి పరువు పోతుంది, అదే బేరం. పుచ్చుకున్నవాళ్లు తరవాత ఎప్పుడో అంతకి తగ్గకుండా ఇవ్వాలి.

ఇది చరిత్రే కదా అనుకుంటుండగా 2020లో కోవిడ్ వచ్చింది. పర్యాటకం ఆగిపోయింది, హోటళ్లలో ఉద్యోగాలు పోయాయి. అప్పుడు ఫేస్‌బుక్‌లో బార్టర్ ఫర్ బెటర్ ఫిజీ అనే గ్రూపు పుట్టింది. పందిపిల్లకి పడవ, కేకుకి కూరగాయలు, పుస్తకాలకి కోళ్లు. డబ్బు అడగకూడదన్నది నియమం. భారతీయ కుటుంబాలు, ఫిజీ కుటుంబాలు అందులో కలిసే ఉన్నాయని అక్కడి నా స్నేహితురాలు రాసింది. చదివి చాలా సంతోషించాను.

విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు: మా డ్రాయింగ్ రూములో పెట్టుకోవడానికి ఒక తంబూవా తెప్పించగలరా? ఖర్చుకి వెనకాడను.

తెప్పించను, మీరూ ప్రయత్నించకండి. ఆ తిమింగలం అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అత్యంత రక్షణ ఉన్న జాబితాలో ఉంది. ఫిజీ నుంచి బయటికి తీసుకెళ్లాలంటే అనుమతి పత్రాలు కావాలి. మన దేశంలో వన్యప్రాణి చట్టం ఉంది. విమానాశ్రయంలో పట్టుకుంటే మీ డబ్బు, పరువు రెండూ పోతాయి. చట్టం లేకపోయినా నా జవాబు ఇదే. అద్దాల బీరువాలోకి చేరిన తంబూవా ఏ పెళ్లికీ వెళ్లదు, ఏ చావు ఇంటికీ వెళ్లదు. అది ఫిజీలో ఎవరి చేతిలోనో ఉండవలసినది, అక్కడ ఇంకెవరికో దాని అవసరం ఉంటుంది.

అనకాపల్లి నుంచి ఒక పాఠకుడు: మా ముత్తాత తమ్ముడు ఫిజీ చెరకు తోటలకి వెళ్లి తిరిగి రాలేదట. వాళ్లకి జీతం ఏ డబ్బులో ఇచ్చేవారు? ఆయన ఆచూకీ తెలిసే దారుందా?

మీ ఉత్తరం చివరికి దాచుకున్నాను, నెమ్మదిగా రాయాలని. 1879లో కలకత్తా నుంచి ఒప్పంద కూలీలతో మొదటి ఓడ వెళ్లింది. మద్రాసు రేవు నుంచి 1903లో మొదలై 1916 దాకా సాగింది. తెలుగువాళ్లు విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి వెళ్లారు. ఐదేళ్ల ఒప్పందం. మగవాళ్లకి పూర్తి పనికి రోజుకి ఒక షిల్లింగు, ఆడవాళ్లకి తొమ్మిది పెన్నీలు. అప్పట్లో రూపాయికి ఒక షిల్లింగు నాలుగు పెన్నీలు మారకం కాబట్టి షిల్లింగు అంటే సరిగ్గా పన్నెండు అణాలు. రోజుకి పన్నెండు అణాలు అని ఊళ్లలో ఏజెంట్లు చెప్పింది లెక్కకి తప్పు కాదు. చెప్పనిది ఏమిటంటే, ఓవర్సీరు కొలిచి అప్పజెప్పిన పని సాయంత్రానికి పూర్తయితేనే ఆ షిల్లింగు. పూర్తికాకపోతే కోత. అక్కడి సరుకుల ధరలు వేరు. పదేళ్లు ఉంటే తిరుగు ప్రయాణం ఉచితమన్నారు గానీ, చాలామంది అక్కడే ఉండిపోయారు.

ఉండిపోయినవాళ్లకి సొంత భూమి లేదు. ఫిజీ భూమిలో ఎక్కువ భాగం స్థానిక వంశాలది, అమ్మడానికి వీల్లేదు, కౌలుకే. కౌలు కాగితం ప్రభుత్వ ట్రస్టు నుంచి వస్తుంది, డాలర్లు అక్కడ కడతారు. కానీ కాగితం ఒక్కటే సరిపోదని మా ఖాతాదారులైన తెలుగు చెరకు రైతులకి బాగా తెలుసు. పాత కౌలు ముగిసి కొత్తది అడగవలసి వస్తే, యంగోనా కట్ట, కొన్నిసార్లు తంబూవా, తీసుకుని భూమి గల వంశం పెద్ద దగ్గరికి వెళ్లేవారు. 1997 నుంచి ముప్ఫై ఏళ్ల కౌళ్లు వరసగా ముగుస్తూ వచ్చినప్పుడు ఇళ్లు ఖాళీ చేసినవాళ్లూ ఉన్నారు, పెద్ద ముందు కూర్చుని మాట్లాడి నిలబెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మిల్లు చెరకు డబ్బు ఒకేసారి ఇవ్వదు, ఏడాది పొడవునా విడతలుగా వేస్తుంది. విడత పడిన రోజు మా కౌంటరు ముందు వరసలో నిలబడ్డ ముసలివాళ్లలో ఒకాయన, నేను తెలుగుదాన్నని తెలిసి, "మీది ఏ వూరమ్మా" అని అడిగాడు. ఆయన అక్కడే పుట్టినవాడు. ఉత్తరాంధ్ర యాస చెక్కుచెదరలేదు. 2023 మే 14న, మొదటి ఓడ వచ్చిన తేదీన, సువాలో జరిగిన సభలో ప్రధాని రంబుకా తానే నడిపిన 1987 సైనిక తిరుగుబాటుకి భారతీయ సంతతివాళ్లని క్షమాపణ అడిగినప్పుడు నాకు ఆయన గుర్తొచ్చాడు.

ఇక ఆచూకీ. వెళ్లిన ప్రతి మనిషికీ ఎమిగ్రేషన్ పాసు ఉండేది. అవి సువాలోని ఫిజీ నేషనల్ ఆర్కైవ్స్‌లో, అంటే పాత ప్రభుత్వ కాగితాల భాండాగారంలో, ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు, ఓడ పేరు ఉంటాయి. అక్కడికి ఉత్తరం రాయండి. 1941లో పుట్టిన దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం ఇప్పటికీ ఉంది, వాళ్లకీ ఒక ప్రతి పంపండి. జిల్లా పేరు విశాఖపట్నం అనే రాయాలి. అనకాపల్లి జిల్లా 2022లో వచ్చింది, ఆ కాగితాల్లో కనిపించదు. మీ ఊరి పేరుని గుమాస్తాలు ఇంగ్లీషులో తమకి వినిపించినట్టు రాసి ఉంటారు, కాబట్టి రెండు మూడు రకాలుగా రాసి పంపండి. తండ్రి పేరు తప్పకుండా కావాలి. ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా ఆయన ఒంటి మీద మచ్చ సంగతి గుర్తుంటే అదీ రాయండి, ఎందుకంటే విశాఖ జిల్లా పాసుల్లో అప్పన్నలు చాలామంది ఉంటారు.